కేంద్రకం గుమ్మం దగ్గర

రిటైరై యానాం వచ్చేశాక మా వీధివాళ్లు షుగరు రిపోర్టులు పట్టుకుని నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. హైదరాబాదులో మైక్రోస్కోపు ముందు కూర్చుని వచ్చిన మనిషి కాబట్టి అన్నీ తెలిసే ఉంటాయని వాళ్ల నమ్మకం. "నేను డాక్టర్ని కాదండీ" అంటే వినరు. "కాకపోతే ఏవైందండీ, ఓసారి సూసి సెప్పండి" అని కాగితం చేతిలో పెట్టేస్తారు. చూస్తాను. రాత్రిపూట అన్నం తగ్గించమని చెప్తాను. దానికి మైక్రోస్కోపు అక్కర్లేదు.

నా అసలు ఉద్యోగం ఒక పరిశోధన సంస్థలో మైక్రోస్కోపు గదికి ఇన్‌చార్జి. పరిశోధన నాది కాదు. విద్యార్థులు తమ కణాలను గాజు అడుగున్న చిన్న గిన్నెల్లో తెచ్చేవారు. నేను యంత్రం నడిపి వాళ్లకు కావలసింది చూపించేదాన్ని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది వైరస్‌ల మీద పనిచేసేవాళ్లే. పేర్లు మారేవి, వైరస్‌లు మారేవి, అడిగే ప్రశ్న మాత్రం మారేది కాదు. "మేడమ్, మా ప్రోటీన్ కేంద్రకం లోపలుందా, బయటుందా?" నా సర్వీసంతా ఆ ఒక్క ప్రశ్నతోనే గడిచిపోయింది.

మొన్న మా అగ్రహారం బంధువుల అమ్మాయి ఇలాంటి ల్యాబులోనే చేరబోతూ, "అత్తయ్యా, నేనేం నేర్చుకుని వెళ్లాలి?" అని ఫోన్ చేసింది. ఫోన్లో తేలే సంగతి కాదని, తనలాంటివాళ్లందరికీ పనికొస్తుందని ఇలా రాయడానికి కూర్చున్నాను. ప్రమోషన్ల గురించీ ఆర్డర్ల గురించీ రాయను. అవి చదివితే నాకే నిద్రొస్తుంది.

సీసాలూ పెట్టెలూ

ముందు ఆ గుమ్మం సంగతి చెప్పాలి. అది అర్థం కాకపోతే తర్వాత చెప్పేదేదీ అర్థం కాదు.

కణం మధ్యలో కేంద్రకం ఉంటుంది. కణానికి కావలసిన ముఖ్యమైన సమాచారమంతా అందులోనే భద్రంగా ఉంటుంది. చాలా వైరస్‌లకు అక్కడ పని పడుతుంది. తమ ప్రోటీన్లను లోపలికి పంపాలి, పనయ్యాక కొన్నిటిని మళ్లీ బయటికి రప్పించుకోవాలి. కేంద్రకం చుట్టూ గోడ ఉంది, గోడ నిండా గుమ్మాలున్నాయి. ఆ గుమ్మాల గురించి యానాం వాళ్లకు చెప్పడం చాలా తేలిక.

మన ఊరు కేంద్రపాలితం కాబట్టి మందు చవక, పొలిమేర దాటితే ఖరీదు. అందుకే చెక్‌పోస్టు. జేబులో పట్టే సీసా ఎవరికంటా పడకుండా దాటిపోతుంది. పెట్టెలకు పెట్టెలు దాటించాలంటే మాత్రం సరైన కాగితం ఉండాలి, దాటించేవాడు వెంట ఉండాలి. కేంద్రకం దగ్గరా అంతే. చిన్న ప్రోటీన్లు సందు చూసుకుని వాటంతట అవే అటూ ఇటూ జారుకుంటాయి. పెద్దవాటికి ఒంటి మీద ఒక గుర్తు ఉండాలి. ఆ గుర్తును పట్టుకుని మోసుకెళ్లే ప్రోటీన్లు కణంలోనే వేరే ఉంటాయి, వాటిని మోతగాళ్లు అనుకుందాం. లోపలికి పోవడానికి ఒక రకం గుర్తు, బయటికి రావడానికి ఇంకో రకం. వైరస్ గడుసుతనం ఎక్కడుందంటే, అచ్చం అలాంటి గుర్తే తన ప్రోటీన్ మీద వేసుకుని వస్తుంది. మోతగాళ్లు ఇంట్లోవాళ్లే, మోసేది మాత్రం దొంగని.

ఇంకొక్క ముక్క. కొన్ని చిన్న ప్రోటీన్ల మీద కూడా గుర్తు ఉంటుంది. అవి సందుల్లోంచి బయటికి జారుతూనే ఉంటాయి, మోతగాళ్లు వాటిని మళ్లీ మళ్లీ లోపల పడేస్తూనే ఉంటారు. అందుకని మైక్రోస్కోపులో చూసినప్పుడు లోపలే కుప్పగా కనిపిస్తాయి. అయితే అది మోతగాళ్లు పనిలో ఉన్నంతసేపే. ఈ ముక్క మర్చిపోకండి, ముందు చెప్పబోయే తాయారు అనే విద్యార్థిని కథ మొత్తం దీని మీదే నడుస్తుంది.

అందమైన కణాలు

తాయారు కంటే ముందు చెప్పాల్సిన చిన్న సంగతి ఒకటుంది. ప్రోటీన్ కనిపించాలంటే దానికి జెల్లీ చేప నుంచి తెచ్చిన మెరిసే ప్రోటీన్‌ను తోకలా తగిలిస్తారు. అప్పుడది ఎక్కడుంటే అక్కడ పచ్చగా వెలుగుతుంది. చూడ్డానికి ఎంత బావుంటుందో చెప్పలేను. మొదటిసారి చూసిన రోజు నేను క్యాంటీన్‌కి వెళ్లడం మర్చిపోయాను.

బావుండడమే దాంతో వచ్చిన చిక్కు. వేరే ల్యాబు కుర్రాడొకడు గిన్నె పెట్టగానే అన్నిటికంటే ఎక్కువ వెలిగే కణాన్ని వెతికి పట్టుకుని ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాడు. ప్రతి ఫొటో పెళ్లి ఆల్బంలో పెట్టుకునేట్టు ఉండేది. అంతగా వెలిగే కణం సాధారణంగా చావుకు దగ్గరపడ్డ కణం. మోయలేనంత ప్రోటీన్ నింపుకుని ఉంటుంది, అందులో గుమ్మాలూ గోడలూ ఏవీ సరిగ్గా పనిచెయ్యవు. మామూలు కణాలను చూడు నాయనా అని ఎంత మొత్తుకున్నా వినలేదు. అతని పేపరు తిరిగొచ్చేసింది. మీరు మాత్రం మసగ్గా, ఏ ప్రత్యేకతా లేకుండా కూర్చున్న కణాల దగ్గర ఎక్కువసేపు ఆగండి. నిజం వాటి దగ్గరే ఉంటుంది.

మా ప్రొఫెసరు

నా గదికి ఎక్కువగా పిల్లల్ని పంపేది మా ప్రొఫెసరు గారు. కృష్ణా జిల్లా మనిషి, గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. చిన్నప్పటినుంచీ ఆయన చేసిన పని కణాలను చితక్కొట్టి, ఆ రసంలోంచి ప్రోటీన్లను విడదీయడం. ఆ పనికి ఐసే ప్రాణం. ఒక్క నిమిషం ఐసు మీంచి తీస్తే ప్రోటీన్ పాడైపోతుంది. అలా పైకొచ్చిన మనిషి కాబట్టి ఆయన ల్యాబులో ఒక శాసనం ఉండేది. ల్యాబు గుమ్మం దాటే ప్రతిదీ ఐసు బకెట్‌లోనే దాటాలి. ఐసు లేకుండా ఎవరైనా కనిపిస్తే వరండాలోనే కేకలు వినిపించేవి.

ఆ శాసనం నాకు వింతగా అనిపించలేదు. మా నాన్నది చేపల వ్యాపారం. దరియాలతిప్ప నుంచి వచ్చే పండుగప్పల మీద ఐసు పొడి చల్లడం నాకు ఓనమాలతోపాటు వచ్చింది. ఐసు పడితే సరుకు నిలుస్తుంది, పడకపోతే పోతుంది. మా ఇంట్లో వేరే సిద్ధాంతం లేదు.

రెండో శాసనం నా గదికి సంబంధించింది. గిన్నె పెట్టు, ఫొటో తియ్యి, లే. యంత్రం ఒకటి, అడిగేవాళ్లు బోలెడు. గిన్నె పెట్టుకుని ఊరికే చూస్తూ కూర్చుంటే వెనకవాళ్లు తలుపు కొట్టేవాళ్లు. అందుకని ఒకసారి చూసిన గిన్నెను ఎవరూ రెండోసారి చూసేవారు కాదు.

ఆయన చెడ్డవాడు కాదు. విద్యార్థికి జ్వరం వస్తే తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి. తన పద్ధతి తప్పు కావచ్చన్న ఆలోచన మాత్రం ఆయన దరిదాపులకు వచ్చేది కాదు. మీకూ ఇలాంటి బాసే దొరకవచ్చు. భయపడండి, గౌరవించండి, ఆయన చెప్పినదాన్ని కూడా ఓసారి పరీక్షించి చూడండి.

మెట్టకూరు తాయారు

మంగతాయారు అని వాళ్ల నాయనమ్మ పేరు పెట్టారు. అది నోరు తిరగనివాళ్లు మంగా అనేవారు, నేను తాయారూ అనేదాన్ని. పదిమందిలో నన్ను మేడమ్ అనేది, ఇద్దరమే ఉంటే పిన్నిగారూ అనేది. మా యానాం మెట్టకూరు పిల్ల అని తెలిసిన రోజునుంచీ నాకు ఊరి కబుర్లకు లోటు లేకుండా పోయింది.

వాళ్ల నాన్న సత్తిబాబు గారు రొయ్యల చెరువులు చేసేవారు. తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులో రొయ్యలన్నీ చచ్చి తేలిపోవడం ఆ పిల్ల చిన్నప్పుడు కళ్లారా చూసింది. ఆ సంగతి ఒకసారి నాకు చెప్పింది.

"పొద్దున్నే లేచి చూస్తే గట్టు పొడుగునా రొయ్యలేనండి. నాన్న ఓటి చేతిలోకి తీసుకుని పెంకు మీద మచ్చలకేసి అలా చూస్తానే ఉన్నారు. ఈ వైరస్ లోపల ఏం చేస్తాదో నేను చూస్తాను నాన్నా అన్నానండి అప్పుడు."

అలా వచ్చిన పిల్ల. తెల్లమచ్చ వైరస్ రొయ్య కణాల కేంద్రకంలోనే పెరుగుతుంది. ఆ వైరస్‌కి చెందిన ఒక చిన్న ప్రోటీన్ లోపలికి ఎలా పోతుందన్నది తాయారు థీసిస్. రొయ్య కణాలు గిన్నెలో సరిగ్గా పెరగవు కాబట్టి పురుగుల కణాల్లో ఆ ప్రోటీన్‌ను పెట్టి చూసేది. మొదట్లో నా మైక్రోస్కోపు పాత బిల్డింగులో, కణాలు పెంచే గది పక్కనే ఉండేది. అప్పుడు ఫొటోలు ఎంతో స్పష్టంగా వచ్చాయి. ప్రతి కణంలోనూ కేంద్రకం పచ్చగా నిండి ఉండేది. ప్రొఫెసరు గారు ఆ ఫొటోలు ఊరంతా చూపించుకున్నారు.

తర్వాత నా గదిని ఆవరణకు అవతలివైపు కొత్త బిల్డింగులోకి మార్చారు. ఎండలో అంత దూరం నడిచి రావాలి. అక్కణ్నుంచి తాయారు ప్రోటీన్ మాట మార్చేసింది. ఏ గిన్నె తెచ్చినా పచ్చదనం కణమంతా పలచగా పరుచుకుని ఉండేది. కేంద్రకంలో కుప్ప లేదు. కొత్త కణాలు పెంచింది, కొత్తగా అంతా మొదలుపెట్టింది. ఫలితం అదే. చివరికి ప్రొఫెసరు గారు సీనియర్ విద్యార్థి ఇర్ఫాన్ చేత అదే ప్రయోగం చేయించారు. ఇర్ఫాన్ మంచి పనివాడు, తాయారంటే అభిమానం కూడా. పాపం అతనికీ పలచగానే వచ్చింది.

ఆ రోజు నా గదిలోనే, నా ముందే, ప్రొఫెసరు గారు ఆ పిల్లని అడిగారు.

"మొదటి ఫొటోలు నువ్వెలా తీశావో నిజం చెప్పు. వందల కణాల్లో నీకు నచ్చిన నాలుగు ఏరుకున్నావా?"

"లేదు సార్. అన్నీ అలాగే ఉండేవి సార్."

"మరి ఇర్ఫాన్‌కి ఎందుకు రావట్లేదు? నీకే ఎందుకు రావట్లేదు ఇప్పుడు?"

ఆయన గొంతు తగ్గించి, ఈ ప్రాజెక్టు ఆపేసి ఇంటికి వెళ్లి ఆలోచించుకో అన్నారు. కేకలేసినా బావుండేది. ఆయన నెమ్మదిగా మాట్లాడారంటే తీర్పు అయిపోయినట్టే అని ల్యాబులో అందరికీ తెలుసు.

పెరుగన్నం

ఊరెళ్లే ముందు తాయారు పేరున యంత్రం మీద ఒక బుకింగ్ మిగిలి ఉంది. మధ్యాహ్నం వేళ. రాదేమో అనుకున్నాను, వచ్చింది. రోజూలాగే ఐసు బకెట్ పట్టుకుని, అందులో గిన్నె జాగ్రత్తగా పెట్టుకుని వచ్చింది. పొమ్మన్న ల్యాబు పద్ధతిని కూడా తప్పలేదు ఆ పిచ్చిపిల్ల.

గిన్నె యంత్రం మీద పెట్టాను. అక్కడ కణాలకు సరిపడా గోరువెచ్చగా ఉంచే చిన్న పెట్టె ఉంటుంది. చూశాం. పలచగా, కణమంతా పచ్చగా, ఎప్పటిలాగే. తాయారు ఫొటో తీయలేదు.

"ఇంకెందుకండీ పిన్నిగారూ" అని కూర్చున్నచోటే ఏడవడం మొదలెట్టింది. "మా నాన్నకేం చెప్పనండీ? వైరస్ సంగతి చూస్తానని వచ్చి, దొంగ ఫొటోలు చూపించానని ఎల్లగొట్టేశారని చెప్పనా?"

ఖాళీ కడుపుతో ఏడిస్తే ఊరుకునే రకం కాదు నేను. "లే ముందు, తిందువుగాని" అని వరండాలోకి లాక్కుపోయాను. ఆమె తర్వాత ఎవరి బుకింగూ లేదు, అందుకని గిన్నెను అక్కడే వదిలేసి దీపం ఆర్పాను. క్యారియర్లో పెరుగన్నం, మాగాయ ఉన్నాయి. ఇద్దరం తిన్నాం. మాగాయ బాగా కుదిరిందని ముక్కు చీదుకుంటూనే చెప్పింది. ఆకలి వేసినవాళ్లు సగం బతికినట్టే, నాకు కాస్త ధైర్యం వచ్చింది.

తిరిగొచ్చాక గిన్నె పారేద్దామని చెయ్యి చాపి, ఎందుకో ఓసారి మైక్రోస్కోపులో కన్నుపెట్టి చూశాను. ఎవరి గిన్నో పొరపాటున పెట్టాననుకున్నాను. తాయారుని లాక్కొచ్చి చూపించాను.

"ఎవరివండీ ఇవి?"

"నీవేనే!"

ప్రతి కణంలోనూ కేంద్రకం పచ్చగా, నిండుగా వెలుగుతోంది. పాత బిల్డింగులో చూసినట్టే. అప్పుడు ఆ పిల్ల తలతిప్పి కింద పెట్టిన బకెట్ వైపు చూసింది. మూతి మీద మెల్లగా నవ్వు మొదలైంది.

"పిన్నిగారూ... పీతల బుట్టలో ఐసేసినట్టయిందండీ!"

ఆ మాట హైదరాబాదులో ఇంకెవరికీ అర్థమై ఉండదు. మాకు వివరించాల్సిన పని లేదు. చేపకి ఐసు వేస్తాం, అది చచ్చింది కాబట్టి. మండపీతల్ని కాళ్లు కట్టి, తడి గోనె కప్పి, ప్రాణంతో పంపుతాం. వాటి మీద ఐసు వేస్తే ముడుచుకుని కదలడం మానేస్తాయి. ప్రొఫెసరు గారు చితక్కొట్టిన కణాల మనిషి, ఆయన ఐసు శాసనం చచ్చిన సరుకు కోసం పుట్టింది. తాయారు తెస్తున్నవి బతికున్న కణాలు. ఐసులో పెట్టగానే మోతగాళ్లు పని ఆపేశారు, లోపలున్న చిన్న ప్రోటీన్ సందుల్లోంచి జారి కణమంతా పరుచుకుంది. మేం పెరుగన్నం తింటుండగా వెచ్చబడి, మోతగాళ్లు లేచి దాన్ని మళ్లీ లోపలికి చేర్చేశారు. పాత బిల్డింగులో పక్కగదే కాబట్టి గిన్నె చేత్తో పట్టుకొచ్చేది, ఐసు అవసరమే పడలేదు.

అదే గిన్నెను మళ్లీ ఐసులో పెట్టాం. కాసేపయ్యాక చూస్తే పలచగా పరుచుకుంది. వెచ్చబెడితే లోపలికి పోయింది. మన గోదాట్లో పోటూ పాటూ వచ్చినట్టు లోపలికీ బయటికీ తిరుగుతోంది. ఉద్యోగంలో చేరాక అంత సంతోషపడిన మధ్యాహ్నం నాకు ఇంకొకటి లేదు.

ప్రొఫెసరు గారిని పిలిచాను. వచ్చీరాగానే, "గిన్నె యంత్రం మీద వదిలేసి వెళ్లమని ఎవరు చెప్పారు?" అని గయ్యిమన్నారు.

"ఎవరూ చెప్పలేదండీ. అన్నం తినడానికి వెళ్లాం. కూర్చోండి" అన్నాను. ఆయన్ని అలా కూర్చోబెట్టడం అదే మొదలు, అదే చివర.

కూర్చున్నారు. బయటికి పోవడం చూశారు, లోపలికి రావడం చూశారు. "ఇంకోసారి" అన్నారు. మళ్లీ చూపించాం. చివరికి తాయారు వైపు చూడకుండానే అడిగారు.

"పాత బిల్డింగులో ఐసు వాడలేదా?"

"లేద్సార్. రెండడుగులకి ఐసెందుకని..."

"నాకెందుకు చెప్పలేదు?"

"తిడతారని సార్."

ఆయన లేచి వెళ్లిపోయారు. ఏమన్నా అంటారేమోనని ఆ పిల్ల నిలబడే ఉంది. మర్నాడు ప్రాజెక్టు కొనసాగించమని ఇర్ఫాన్‌తో కబురు పంపారు. అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. నా ముందే ఒక పిల్లని అనుమానించిన మనిషి, తప్పు తెలిశాక ఇంకొకరి చేత కబురు పంపడమేమిటి? చాలాకాలం ఆయనతో ముక్తసరిగానే మాట్లాడాను.

థీసిస్ రోజు

తాయారు ఇప్పుడు ఈ చుట్టుపక్కలే రొయ్యల రోగాలు పరీక్షించే ల్యాబు నడుపుతోంది. అప్పుడప్పుడూ మా ఇంటికి పీతలు తెస్తుంది. బుట్ట మీద తడి గోనె ఉంటుంది. నేను కావాలనే "ఐసు వేశావా?" అని అడుగుతాను, ఇద్దరం నవ్వుకుంటాం. గది, ఆ యంత్రం ఫ్యాను చప్పుడు, వరండాలో తిన్న మాగాయ అన్నీ ఒక్కసారి గుర్తొస్తాయి. ఆ గది మీద నాకింత బెంగ ఉంటుందని అక్కడ ఉన్నన్నాళ్లూ తెలియలేదు.

నేను చెప్పి ముగించాలనుకున్నది మాత్రం ఆమె థీసిస్ అందరి ముందూ వినిపించిన రోజు సంగతి. ఆ ఐసు గిన్నె సంగతే థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయమైంది. ఆ ప్రోటీన్ తనంతట తాను లోపల ఉండలేదనీ, మోతగాళ్లు పట్టి తెస్తుంటేనే ఉంటుందనీ దాంతోనే తేలింది. మెట్టకూరు నుంచి సత్తిబాబు గారు వచ్చారు. తెల్లపంచె, భుజం మీద కండువా, వెనక వరసలో నా పక్కన కూర్చున్నారు. కూతురు ఇంగ్లీషులో మాట్లాడినంతసేపూ ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్లు తిప్పలేదు. పచ్చగా వెలిగే బొమ్మలు తెర మీద వచ్చినప్పుడు మాత్రం, "ఇయ్యేనా అండీ?" అని నన్నడిగారు. "ఆయ్, ఇవేనండీ" అన్నాను.

ప్రశ్నలన్నీ అయ్యాక, మామూలుగా అయితే గైడు లేచి రెండు మెచ్చుకోలు మాటలు చెప్పి టీకి పిలుస్తాడు. మా ప్రొఫెసరు గారు లేచి స్టేజీ మీదికి వెళ్లారు. తర్వాత ఇంగ్లీషులో ఆయనన్న మాటలకు అర్థం ఇది.

"ఈ అమ్మాయి రెండుసార్లూ తను చూసిందే చెప్పింది. లోపల ఉందన్నప్పుడు అది లోపలే ఉంది. బయట ఉందన్నప్పుడు బయటే ఉంది. ఒక నిజాన్ని పట్టుకుని రెండోది అబద్ధమన్నది నేను. మధ్యలో ఐసు పెట్టింది కూడా నేనే. ఈ మాట నా ల్యాబు మొత్తం వినాలని ఇన్నాళ్లు ఆగాను."

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. తాయారు తల వంచుకుని మైకు తీగ సర్దుతూ నిలబడింది. ఇన్నాళ్ల నా కోపం ఎటు పోయిందో తెలియదు, నాకు కళ్లనీళ్లు ఆగలేదు. సత్తిబాబు గారు కంగారుగా నా వైపు వంగారు.

"ఏవన్నారండీ ఆయన? పిల్లకేవన్నా ఇబ్బందా అండీ?"

"లేదండీ. మీ అమ్మాయి అబద్ధం ఆడలేదని చెప్తున్నారండీ."

ఆయన నాకేసి, స్టేజీ మీద నిలబడ్డ ప్రొఫెసరు గారికేసి మార్చి మార్చి చూశారు. బొత్తిగా అర్థం కానట్టుగా మొహం పెట్టారు.

"మా తాయారు అబద్ధం ఆడదని మెట్టకూర్లో ఎవర్నడిగినా సెప్తారు కదండీ. అది తెలవడానికి ఈయనకి ఇన్నాళ్లు పట్టిందా అండీ?"

"ఆయ్, పట్టిందండీ" అన్నాను.